చిన్న రైలు పట్టాల మీద ఇంటిల్లిపాదీ: పర్లాకిమిడి నుంచి ఒక ఫోటో ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ మూడో వారం

పని చెప్పుకోవడానికి చిన్నదే. 4×6 సైజు పాత కలర్ ప్రింటు ఒకటి. అందులో నేరో గేజ్ పట్టాల మధ్య తెల్ల యూనిఫాంలో, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ గార్డుగారు, ఆయన వెనకాల ఆగివున్న చిన్న రైలు, కుడిపక్క మట్టి ప్లాట్‌ఫాం, ఎడంపక్క టెలిగ్రాఫ్ స్తంభాలు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన చుట్టూ ఇప్పటి కుటుంబం అంతా, అంటే మామ్మగారు, కొడుకులు, కూతురు, కోడళ్లు, అల్లుడు, మనవలు నిలబడ్డట్టు ఒకే ఫోటో చెయ్యాలి. కొత్తింటి హాల్లో ఆరడుగులు బై నాలుగడుగుల కాన్వాసు కావాలట. గృహప్రవేశం మాఘమాసంలో. చేయించుకునేది ఆయన పెద్దబ్బాయి, మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ ఒకే వీధి కాబట్టి నాకు చిన్నప్పట్నుంచీ మావయ్యగారే.

మా ఊరి బయటివాళ్ల కోసం ఒక ముక్క: మాది ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న ఊరు. నౌపడ నుంచి పర్లాకిమిడికి ఆ చిన్న లైను 1900లో మా రాజావారి పూనికతో పడింది, 1931 కల్లా గుణుపురం దాకా పోయింది. మొత్తం 90 కిలోమీటర్లు, టెక్కలి, పాతపట్నం దాటి మా ఊరు, ఆ తర్వాత కాశీనగర్ మీదుగా గుణుపురం. సగం దారి తెలుగు, సగం దారి ఒరియా. 2004లో ఆపేసి బ్రాడ్ గేజ్‌కి మార్చారు. అంటే ఈ ఫోటోలో ఉన్న చోటు ఇప్పుడు లేదు, మళ్లీ వెళ్లి తీసుకురావడానికి వీల్లేదు. ఉన్నదల్లా ఈ ప్రింటే.

మావయ్యగారి మేనల్లుడు ఒక మాట అన్నాడు: "అందరం స్టేషన్‌కెళ్లి ఇప్పటి పట్టాల మీద నిలబడి ఫోటో దిగుతాం, మీరు మనుషుల్ని కోసి అందులో పెట్టేయండి." రెండు కారణాల వల్ల కుదరదన్నాను. మొదటిది, పట్టాల మీదకు పోతే రైల్వే చట్టం 1989, సెక్షన్ 147, ఆరు నెలల దాకా జైలో వెయ్యి రూపాయల దాకా జరిమానాయో, రెండూనో. రెండోది, ఇప్పటి పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, పాత చిన్న లైనుది 762. రెండింతల కంటే ఎక్కువ. బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య హాయిగా వరసగా నిలబడ్డ నలుగురూ ఆ పాత పట్టాల మధ్యకి రారు, పట్టాల మీదకి ఎక్కేస్తారు.

ఆ 762 అనే అంకె దగ్గరే నాకు ప్రాణం లేచొచ్చింది. దాని సంగతి కింద రాస్తా.

స్కాన్ అయ్యాక

ప్రింటుని 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేశాను, 7,200 × 4,800 పిక్సెళ్లు వచ్చాయి. నిజానికి ల్యాబ్ ప్రింటులో అంత వివరం ఉండదు, 600 దాటాక వచ్చేది కాగితం గరుకే. కానీ గీతలు గీసుకోవడానికి, పిక్సెళ్లు లెక్కపెట్టడానికి పెద్ద ఫైలు సుఖం, పైగా ఆరడుగుల వెడల్పుకి అంగుళానికి సరిగ్గా 100 పిక్సెళ్లు, లెక్క నోటికే వచ్చేస్తుంది.

మనుషుల్ని కత్తిరించి అతికించడం మా ఊళ్లో ఏ ఫ్లెక్సీ షాపులో అయినా చేస్తారు. పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి తల కొండంత, కార్యకర్తల తలలు ఆవగింజంత ఉన్నా ఎవరూ అడగరు, అక్కడ అదే మర్యాద. ఇంట్లో గోడకి తగిలించే ఫోటో అలా కాదు. రోజూ చూస్తారు. ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయినా "ఏదో అతికించినట్టుంది" అని మాత్రం తప్పకుండా అంటారు. వెలుగు, రంగు, అంచులు అన్నీ సరిగ్గా కుదిరాక కూడా ఆ మాట వచ్చిందంటే నూటికి తొంభై పాళ్లు పెర్‌స్పెక్టివ్ దగ్గర, అంటే దగ్గరవి పెద్దగా దూరంవి చిన్నగా కనబడే తీరు దగ్గర తేడా ఉన్నట్టే: పాత ఫోటో తీసిన కెమెరా ఒక ఎత్తులో ఉంది, కొత్త మనుషుల్ని తీసిన కెమెరా ఇంకో ఎత్తులో ఉంది. అది ఎడిటింగులో సరిచేసే సంగతి కాదు, తీసేటప్పుడే తేలిపోయే సంగతి. అందుకని ఒక్క మనిషిని కూడా ఫోటో తియ్యకముందే ఆ పాత కెమెరా నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కనుక్కోవాలి, ఈ ప్రాజెక్టులో సగం పని అదే.

ముందు హొరైజన్, అంటే కెమెరా ఎత్తున ఫోటోలో అడ్డంగా పోయే ఊహా గీత. ఫోటోషాప్‌లో కొత్త లేయర్ మీద రెండు పట్టాల లోపలి అంచుల వెంట రెండు గీతలు గీసి పైకి పొడిగించాను. నేల మీద సమాంతరంగా పోయే గీతలన్నీ ఫోటోలో ఒకే చుక్క దగ్గర కలుస్తాయి, ఆ చుక్క హొరైజన్ మీదే ఉంటుంది, నేల చదునుగా ఉన్నంతవరకూ. ఇక్కడ కాస్త జాగ్రత్త, రైలు వెనకాల పట్టాలు వంపు తిరుగుతున్నాయి, ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. దగ్గర్లో ఉన్న తిన్నటి ముక్కనే వాడాను. తర్వాత బోగీ కిటికీల కింది అంచు వెంట, పైకప్పు అంచు వెంట ఇంకో రెండు గీతలు. బోగీ పట్టాలకి సమాంతరమే కాబట్టి ఆ గీతలూ అదే చుక్కకి చేరాలి. చేరాయి, అటూ ఇటూ పది పిక్సెళ్ల తేడాలో. ఫోటో పై అంచు నుంచి 1,450 పిక్సెళ్ల కింద హొరైజన్ తేలింది. అది ఫోటో మధ్యకంటే బాగా పైన ఉందంటే కెమెరాని కాస్త కిందికి వంచి తీశారన్నమాట, ఏడెనిమిది డిగ్రీలు. స్తంభాలు పైకి పోయేకొద్దీ ఒకదానికొకటి దూరం జరుగుతున్నట్టు కనిపించేది అందుకే.

ఇప్పుడు 762. కిందవైపు బాగా కనబడుతున్న ఒక స్లీపర్ (పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మ) దగ్గర పట్టాల మధ్య ఎడం కొలిచాను: 1,270 పిక్సెళ్లు. అదే స్లీపర్ నుంచి నిలువుగా హొరైజన్ దాకా: 2,520. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.98. అంటే కెమెరా ఎత్తు పట్టాల ఎడానికి 1.98 రెట్లు. 762తో గుణిస్తే 1,510 మిల్లీమీటర్లు, సుమారుగా మీటరున్నర. నమ్మకం కుదరక గార్డుగారి కాళ్ల దగ్గరున్న స్లీపర్ కూడా కొలిచా: ఎడం 508, హొరైజన్‌కి 1,008. మళ్లీ అదే 1.98. ఇదేమీ గారడీ కాదు. దూరం పోయేకొద్దీ పట్టాల ఎడం ఎంత నిష్పత్తిలో తగ్గుతుందో, నేల నుంచి హొరైజన్‌కి ఉన్న ఖాళీ కూడా అంతే నిష్పత్తిలో తగ్గుతుంది, అందుకని ఏ స్లీపర్ దగ్గర కొలిచినా జవాబు మారదు. ఒకే ఫోటో నుంచి కొలతలు రాబట్టే ఈ విద్యని ఆక్స్‌ఫర్డ్‌లో క్రిమినిసి, రీడ్, జిస్సర్‌మన్ అనే ముగ్గురు 1999, 2000 ప్రాంతంలో గణితంగా పక్కాగా రాసిపెట్టారు. నాకు కావలసింది అందులో భాగహారం ఒక్కటే.

గార్డుగారి మీద కూడా ఒక పరీక్ష పెట్టాను. ఆయన నిలబడ్డ స్లీపర్ దగ్గర 508 పిక్సెళ్లు అంటే 762 మిల్లీమీటర్లు, అంటే ఒక పిక్సెల్ మిల్లీమీటరున్నర. ఆయన పాదాల నుంచి తల దాకా 1,130 పిక్సెళ్లు. లెక్క వేస్తే 1,695 మిల్లీమీటర్లు. మావయ్యగారికి ఫోన్ చేసి నాన్నగారి ఎత్తెంత అని అడిగితే, "ఐదడుగుల ఏడంగుళాలు, సర్వీసు కాగితాల్లో ఉంది" అన్నారు. అంటే 1,702. ఏడు మిల్లీమీటర్ల తేడా! ఆ సాయంత్రం టీ రెండుసార్లు తాగాను.

"ఇంతకీ ఆ ఫోటో తీసిందెవరు?" అని కూడా అడిగా. "నేనేరా, తొమ్మిదో తరగతిలో ఉన్నా, అప్పటికి ఐదడుగుల మూడంగుళాలు." కళ్లు నడినెత్తికి నాలుగున్నర అంగుళాలు కిందుంటాయి, కెమెరా కంటికి ఆనించి తీసుంటారు. సరిగ్గా మీటరున్నర దగ్గరే వచ్చింది.

క్రిస్మస్ సెలవుల్లో

ఎత్తు తేలింది, ఇక దూరం. దీనికి లెన్సు తెలియాలి. అదృష్టం, ఆ కెమెరా మామ్మగారి బీరువాలో బట్టల కింద ఇంకా ఉంది, బ్యాటరీ కారిపోయి లోపల తుప్పు పట్టింది గానీ లెన్సు చుట్టూ రింగు మీద 35 ఎంఎం అని చక్కగా చదవొచ్చు. ఫిల్ము ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు, నా స్కాను వెడల్పు 7,200 పిక్సెళ్లు, కాబట్టి 35 ఎంఎం అంటే 7,000 పిక్సెళ్లు. ల్యాబులో అంచులు కాస్త తెగి ఉంటాయి, పర్లేదు. 7,000ని 762తో గుణించి పిక్సెళ్ల ఎడంతో భాగిస్తే దూరం: దగ్గరి స్లీపర్ 4.2 మీటర్లు, గార్డుగారు పదిన్నర మీటర్లు. కుటుంబాన్ని ఆరు నుంచి పదిన్నర మీటర్ల మధ్యలో నిలబెట్టాలని ఇక్కడే నిర్ణయించేశాను.

నా దగ్గర పనిచేసే ఒరియా కుర్రాడు చురుకైనవాడు, వాడికి ఒక అనుమానం. "భాయ్, మన కెమెరాకి 35 లెన్సు లేదు కదా, కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్సు ఉంది, మరి పెర్‌స్పెక్టివ్ ఎలా కలుస్తుంది?" ఈ అనుమానం చాలామందికి ఉంది, యూట్యూబులో కూడా లెన్సు మారిస్తే పెర్‌స్పెక్టివ్ మారుతుందని ధీమాగా చెప్పేస్తుంటారు. వాణ్ణే తియ్యమన్నాను. ట్రైపాడ్ కదపకుండా నీళ్ల ట్యాంకునీ, దాని ముందు నాలుగు మీటర్ల దూరంలో పెట్టిన కర్రనీ 18 దగ్గర ఒకటి, 55 దగ్గర ఒకటి తీశాడు. 18ది మధ్యలో కత్తిరించి 55 దాని మీద పెట్టి ట్రాన్స్‌పరెన్సీ సగం చేస్తే కర్ర మీద కర్ర, ట్యాంకు మీద ట్యాంకు కూర్చున్నాయి. తర్వాత 18తో కర్ర దగ్గరికి నడిచి తీశాడు, కర్ర పెద్దదైంది, ట్యాంకు దాని వెనక చిన్నదైపోయింది. మారింది లెన్సు వల్ల కాదు, వాడు నడవడం వల్ల. ఆ తర్వాత వాడు మళ్లీ అడగలేదు.

మాకు కావలసినవి రెండే: లెన్సు నేల నుంచి మీటరున్నర ఎత్తు, మనిషి నుంచి సరైన దూరం. వంపు కూడా అంతే పెడితే నిలువు గీతల తలనొప్పి పోతుంది. నా కెమెరా సెన్సారు చిన్నది కాబట్టి 24 దగ్గర పెట్టుకుంటే పాత ఫోటో ఫ్రేముకి దగ్గరగా వస్తుంది, అది సౌకర్యం కోసమే.

జనవరి మొదటి వారం

నీడల గొడవ. గార్డుగారి నీడ కుడివైపుకి, కాస్త మనవైపుకి పడుతోంది. నీడ ఎటు పోతోందో చూస్తే చాలదు, ఎంత పొడవో తెలియాలి. నేల మీద గడులు గీస్తే తెలిసిపోతుంది. ఫోటోషాప్‌లో వానిషింగ్ పాయింట్ ఫిల్టర్ ఉంది కదా, 2005లో సీఎస్2తో వచ్చింది, కంట్రోల్ ఆల్ట్ వీ నొక్కితే తెరుచుకుంటుంది. పట్టాల మీద నాలుగు మూలలు పెడితే గడులు పరుచుకుంటాయి. గడులు నీలంగా ఉంటే సరే, పసుపో ఎరుపో అయితే నువ్వు పెట్టిన మూలలు ఒక చదునైన తలానికి పొసగడం లేదని అర్థం. నావి నీలంగానే వచ్చాయి. నీడ కొస పట్టాల ఎడానికి ఎన్ని రెట్లు అడ్డంగా, ఎన్ని రెట్లు ముందుకి పోయిందో చూసుకుని లెక్క వేస్తే, మీటరు కర్రకి మీటరున్నర నీడ అని తేలింది. సూర్యుడు సుమారు 34 డిగ్రీల ఎత్తు.

సంక్రాంతి రోజుల్లో మా దగ్గర సూర్యుడు ఆ ఎత్తుకి ఉదయం తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య వస్తాడు. పండక్కి అందరూ ఊరొస్తారు. కాబట్టి ముహూర్తం సూర్యుడే పెట్టేశాడు. కనుమ నాడు వద్దన్నారు అత్తయ్యగారు, ఆ రోజు వంటిల్లు ఖాళీ ఉండదట. సంక్రాంతి ముందు ఆదివారం అనుకున్నాం.

ప్లాట్‌ఫాం ఒక్కటి మిగిలింది. కూతురూ అల్లుడూ వాళ్ల పిల్లలూ ప్లాట్‌ఫాం మీద నిలబడాలని మామ్మగారి కోరిక. అది పట్టాల మట్టం కంటే ఎత్తు. గార్డుగారి స్లీపర్ వరసలోనే ప్లాట్‌ఫాం అంచు ఎత్తు కొలిస్తే 200 పిక్సెళ్లు, అంటే 30 సెంటీమీటర్లు, ఒక అడుగు. దాని మీద నిలబడ్డవాళ్ల కాళ్ల నుంచి చూస్తే కెమెరా ఎత్తు మీటరున్నర కాదు, మీటరూ ఇరవై. వీళ్లని విడిగా, ట్రైపాడ్‌ని ఒక అడుగు దించి తీస్తే సరిపోతుంది. ఇది పట్టించుకోకుండా అందర్నీ ఒకే ఎత్తు నుంచి తీసేస్తే ప్లాట్‌ఫాం మీదవాళ్లు గాల్లో తేలుతున్నట్టో, గోతిలో నిలబడ్డట్టో అనిపిస్తారు. వాళ్లని పైకీ కిందికీ ఎంత జరిపినా అది పోదు.

సంక్రాంతి ముందు ఆదివారం

మావయ్యగారి పాతింటి డాబా నలభై అడుగుల పొడవు. పొద్దున్నే వెళ్లి సుద్దముక్కతో, దారంతో డాబా మీద రెండు తిన్నటి గీతలు కొట్టాం, ఎడం ముప్పై అంగుళాలు. 762 మిల్లీమీటర్లంటే సరిగ్గా ముప్పై అంగుళాలే, వడ్రంగి టేపు చాలు. ట్రైపాడ్ ఒక చివర. లెన్సు నుంచి బొంగరానికి దారం కట్టి వేలాడదీసి అది తాకిన చోట సున్నా రాసుకున్నాం, అక్కణ్నుంచి మీటరు మీటరుకీ అడ్డ గీత, పక్కన అంకె. మామ్మగారు మెట్లెక్కి వచ్చి కాసేపు చూసి, "ముగ్గు పెడతన్నావనుకున్నాన్రా, చుక్కల్లేవేటి?" అన్నారు. పట్టాలు మామ్మగారూ అంటే, "మరి కంకరేదీ?" అని నవ్వారు.

రెండు కర్రలకి మీటరున్నర ఎత్తున ఎర్ర టేపు చుట్టి ఒకటి ఐదు మీటర్ల దగ్గర, ఇంకోటి పది మీటర్ల దగ్గర నిలబెట్టాం. కెమెరా తెర మీద రెండు ఎర్ర చుక్కలూ ఒకే అడ్డ గీత మీద ఉంటే లెన్సు ఎత్తు సరిగ్గా ఉందన్నమాట. దూరంది కాస్త పైకి కనిపించింది, ట్రైపాడ్ కొద్దిగా దించితే రెండూ ఒకే గీత మీదకి వచ్చాయి. తర్వాత హొరైజన్ ఫ్రేములో పైనుంచి ముప్పై శాతం దగ్గర వచ్చేదాకా కెమెరాని కిందికి వంచాం.

ఖాళీ డాబా ఒకటి తీసి అక్కడే లాప్‌టాప్‌లో పాత ఫోటో మీద పెట్టి చూశాను. సుద్దగీతలు రెండూ పోయి పాత పట్టాల మీద పడుకున్నాయి. ఇంకేం చెయ్యక్కర్లేదు. కుర్రాడు "హేయ్" అని అరిచాడు, కింద వంటింట్లోంచి ఏమైందని కేకలు.

అక్కడి నుంచి పని మనుషులతో. లెక్క ఒకటే గుర్తుపెట్టుకున్నా: చదును నేల మీద ఎవరు ఎక్కడ నిలబడ్డా హొరైజన్ వాళ్లని నేల నుంచి మీటరున్నర దగ్గరే కోస్తుంది. మావయ్యగారు ఐదడుగుల ఆరంగుళాలు, గీత ఆయన మూతి దగ్గర. ఆయన ఆరు మీటర్ల దగ్గరున్నా మూతి దగ్గరే, పది మీటర్లకి పోయినా మూతి దగ్గరే. మామ్మగారు ఐదడుగులు, గీత ఆవిడ నడినెత్తిని తాకుతూ పోతుంది. మూడో తరగతి మనవరాలు ఎక్కడ నిలబడ్డా గీతకి కిందే. ఇది తెలిస్తే సైజు విషయంలో కంటి అంచనాతో పనిలేదు, పాదాలు నేల మీద ఎక్కడో పెట్టు, గీత సరైన చోట కోసేదాకా పెంచో తగ్గించో వదిలెయ్, మనిషి సైజు దానంతటదే సరిగ్గా వచ్చేస్తుంది.

ఒక్కొక్కర్నీ విడిగా, వాళ్లు చివరికి ఉండాల్సిన మీటరు అంకె మీదే నిలబెట్టి తీశాను, అడ్డంగా కూడా వాళ్ల చోటులోనే. ఫ్రేము మధ్యలో నిలబెట్టి తీసి తర్వాత పక్కకి జరిపితే ఒక చిక్కుంది, పక్కన ఉండాల్సిన మనిషి భుజం వైపు కెమెరాకి కొంచెం కనబడాలి, మధ్యలో తీస్తే ఎదురుగానే కనిపిస్తాడు. చిన్న సంగతే, కానీ పదిమందీ ఎదురుగా ఉండి ఒక్కరూ పక్కకి లేకపోతే చూసేవాడికి ఏదో తేడా తగులుతుంది. తొమ్మిదింబావుకి మొదలెట్టి ఎండ మారిపోకముందే ముగించాలని తొందర, ఈలోగా బావగారి పట్టుపంచె విషయం, పిల్లలకి చెప్పులా బూట్లా అనే చర్చ. బూట్లే అన్నాను, పాత ఫోటోలో అంతా కంకర, చెప్పుల వేళ్ల చుట్టూ మాస్కు గీయడం నావల్ల కాదు.

గార్డుగారి రేకు పెట్టె కూడా తెచ్చారు. పాతకాలం గార్డులు డ్యూటీకి తీసుకెళ్లే నల్ల పెట్టె, జెండాలు, దీపం, ప్రమాద హెచ్చరికకి పట్టాల మీద పెట్టే పటాసులు పెట్టుకునేది. దాన్నీ సుద్దగీతల మధ్య ఏడు మీటర్ల దగ్గర పెట్టి తీశాం. మనుషుల్లో చిన్న తేడా కన్ను క్షమిస్తుందేమో గానీ పెట్టెని క్షమించదు, దానికి తిన్నటి అంచులున్నాయి, అవి ఎక్కడికి పోతున్నాయో పట్టాలు పక్కనే ఉండి చెప్పేస్తాయి.

పండగ అయ్యాక

మస్కట్‌లో ఉన్న చిన్నబ్బాయి రాలేకపోయాడు, వాట్సాప్‌లో ఫోటో పంపాడు. బాల్కనీలో, భార్య రెండు మీటర్ల దూరం నుంచి ఫోన్ పెద్ద లెన్సుతో తీసింది. తల పెద్దది, కాళ్లు సన్నం, బూట్ల పైభాగం మొత్తం కనబడుతోంది. మావయ్యగారు "దీన్ని కాస్త లాగి సరిచెయ్యరాదూ" అన్నారు. లాగొచ్చు. ఫోటోషాప్‌లో పెర్‌స్పెక్టివ్ వార్ప్ 2014 జనవరి నుంచీ ఉంది, డిస్టార్ట్ అంతకు ముందు నుంచీ ఉంది. కానీ లాగితే ఉన్న పిక్సెళ్లు సాగుతాయి అంతే, రెండు మీటర్ల నుంచి కనబడిన బూటు పైభాగం తొమ్మిది మీటర్ల నుంచి కనబడేలా మారదు, గడ్డం కింద కనబడకుండా పోయింది తిరిగి రాదు.

అందుకని అతనికి వాయిస్ మెసేజ్ పెట్టాను: ఫోన్ నేల నుంచి మీటరున్నర ఎత్తున ఏదైనా అలమర మీద పెట్టి, తొమ్మిది మీటర్ల దూరంలో నిలబడు, బాల్కనీ సరిపోదు, కింద పార్కింగులోకి వెళ్లు, రెండింతల జూమ్ పెట్టు, సూర్యుడు నీ ఎడంపక్క ముందున కాదు, ఎడంపక్క వెనకాల ఉండాలి, నీడ నీకు కుడివైపు కెమెరాకేసి పడాలి అని. ఎడమ ఎవరి ఎడమ అని అడిగాడు, కెమెరా వెనక నిలబడ్డవాడి ఎడమ. ఫోటోగా పంపొద్దు, డాక్యుమెంటుగా పంపు, లేకపోతే వాట్సాప్ నలిపేస్తుంది. మర్నాడు కారు మీద ఫోన్ ఆనించి తీసి పంపాడు, కారు కప్పు సుమారు అంతే ఎత్తట. వచ్చింది బానే ఉంది, గీత అతని ముక్కు దగ్గర కోసింది, రెండు మూడు అంగుళాల తేడా. తొమ్మిది మీటర్ల దూరానికి అది కన్ను పట్టుకునే తేడా కాదు. అతణ్ణి వదినగారి భుజం వెనక్కి సగం చాటుగా పెట్టాను, పాదాలు కనబడకపోతే ఇంకా నయం.

పెట్టె విషయంలో మాత్రం వార్ప్ వాడాను. దాన్ని ఏడు మీటర్ల నుంచి ఆరున్నరకి తెచ్చాం, మనవరాలి కాలికి అడ్డొస్తోందని. అంత కొద్ది మార్పుకి అది చక్కగా పనిచేస్తుంది. లేఅవుట్ మోడ్‌లో పెట్టె ముందు ముఖానికొక చతుర్భుజం, పై మూతకొకటి గీసి, వార్ప్ మోడ్‌కి మారి మూత పక్క అంచులు పట్టాల చుక్కకేసి తిరిగేలా మూలలు జరిపితే అయిపోయింది. ఈ పనిముట్టు గ్రాఫిక్స్ కార్డు ఆన్ చేసి ఉంటేనే తెరుచుకుంటుంది, మెనూలో బూడిదరంగులో ఉండిపోతే ముందు ప్రిఫరెన్సెస్‌లో అది చూడండి. ఫోటోషాప్ లేనివాళ్లకి గింప్‌లో పెర్‌స్పెక్టివ్ టూల్ ఉంది, ఒక ముఖానికి అది సరిపోతుంది, రెండు ముఖాలుంటే విడివిడిగా కోసి కలుపుకోవాలి.

మనుషుల మీద వార్ప్ ఎక్కడా పెట్టలేదు. ఒక్కొక్కర్నీ స్మార్ట్ ఆబ్జెక్టుగా (సైజు మార్చినా అసలు బొమ్మ చెడని లేయర్‌గా) మార్చి, కంట్రోల్ టీ, సైజు మాత్రమే. డాబా మీద సరైన చోట నిలబెట్టి తీసినందుకు చాలామంది పెట్టిన చోటే అతుక్కుపోయారు. ఎక్కువ కాలం పట్టింది పాదాల దగ్గర, కంకర రాళ్లు కొన్ని బూటు ముందుకి రావాలి, బూటు కింద పల్చటి నల్లటి నీడ ఉండాలి, అది లేకపోతే ఎంత లెక్క సరిపోయినా మనిషి నేల మీద ఆనడు. డాబా మీది నీడల్ని వాడుకోలేదు, వాటి దిక్కు మాత్రం చూసుకుని కంకర మీద కొత్తగా వేశాను. ఆ తర్వాత కొత్త మనుషుల పదును తగ్గించి, పాత ఫోటోలోని సన్నటి చుక్కల గరుకు (గ్రెయిన్) వాళ్ల మీద కూడా చల్లాను. ఇది అందరూ చెప్పేదే, ఎక్కువ రాయను.

పాతపట్నంలో టెస్ట్ ప్రింటు

ఫ్లెక్సీ యంత్రం మా ఊళ్లోనూ ఉంది, కాన్వాసు మాత్రం సరిహద్దు దాటి పాతపట్నంలో బావుంటుంది, వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. రెండడుగుల ముక్క టెస్ట్ వేయించి మామ్మగారికి చూపించాం. ఆవిడ మనవల్ని చూడలేదు, పెట్టె మీద వేలు పెట్టి "దీని గొళ్లెం ఆ రోజుల్లో విరగలేదు, ఇప్పుడు విరిగింది గదా" అన్నారు. నిజమే, గొళ్లెం వేలాడుతోంది. పాత ఫోటోలోకి తర్వాతెప్పుడో విరిగిన గొళ్లెం వచ్చేసింది. ఉంచమన్నారు.

ఇంకో పని ఉంది, ఎక్కడ తగిలించాలి అనేది. ఆరడుగుల వెడల్పు ప్రింటు, 36 మిల్లీమీటర్ల ఫ్రేములో 35 లెన్సుతో తీసిన ఫోటో, అంటే దాన్ని సుమారు ఐదడుగుల పదంగుళాల దూరం నుంచి చూస్తే కెమెరా చూసిన కోణాలే మన కంటికీ వస్తాయి. హొరైజన్ ప్రింటు పై అంచుకి పద్నాలుగున్నర అంగుళాల కింద ఉంది. అది నేల నుంచి మీటరున్నర ఎత్తున రావాలంటే పై అంచు ఆరడుగుల ఒకటిన్నర అంగుళం దగ్గర, కింది అంచు రెండడుగుల మీద. కొత్తింటి హాల్లో సోఫా వెనక గోడకి తగిలిద్దామని మావయ్యగారి ఆలోచన, అక్కడైతే సోఫా వీపు కింది భాగం తినేస్తుంది, పైకి జరిపితే పట్టాలు గోడెక్కుతాయి. సోఫాకి ఎదురుగోడ సరిగ్గా ఆరడుగుల్లో ఉంది, కానీ అక్కడ టీవీకి స్విచ్‌బోర్డు పెట్టించేశారు. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తానన్నాడు, టీవీ పక్క గదిలోకి పోవచ్చో లేదో అత్తయ్యగారు అప్పుడు చెప్తానన్నారు.